పాచి తినే చేపలు: తొట్టెలో ఉపయోగం, చెరువులో ప్రమాదం

(ప్రత్యేక వ్యాసం)

ఇండ్లలోను, కార్యాలయాలలోను, ఆసుపత్రుల నిరీక్షణ మందిరాలలోను అద్దాల చేపల తొట్టెలు నేడు సర్వసాధారణమైనవి. తొట్టె అమర్చిన కొద్ది వారాలకే అద్దాలపై పాచి పట్టడం, దానిని వదిలించేందుకు దుకాణదారుని సలహాపై 'సక్కర్ ఫిష్' లేదా 'ట్యాంక్ క్లీనర్' అనే నల్లని చేపపిల్లను తెచ్చి వేయడం కూడా అంతే సాధారణమైనది. రెండు అంగుళాల పిల్లగా తొట్టెలో చేరిన ఆ చేప రెండు మూడేండ్లలో అడుగు పొడవుకు చేరి తొట్టెలో ఇమడలేని స్థితికి వస్తుంది. అప్పుడు దానిని చంపడానికి మనసొప్పని యజమాని సమీపంలోని చెరువులోనో, కాలువలోనో వదలివేస్తున్నారు. నేడు కృష్ణా, గోదావరి జలాలలో మత్స్యకారుల వలలను చించుతూ 'దెయ్యం చేప'గా పేరుబడినది ఈ చేపయే.

పాచి తినే చేపలన్నియు ఇటువంటివి కావు. అరచేతిలో సగమైనా లేని చిన్న జాతులు, మన ఇండ్ల తొట్టెలకు సరిపోయే మధ్యరకం జాతులు అనేకం ఉన్నవి. తొట్టె పరిమాణాన్ని, నీటి గుణాన్ని, తోటి చేపల స్వభావాన్ని గమనించి సరైన జాతిని ఎన్నుకొన్నచో తొట్టెకు శోభ, చేపకు ఆయుష్షు, చెరువుకు రక్షణ ఒకేసారి లభిస్తాయి. ఈ విషయమై తెలిసికొనవలసిన ముఖ్యాంశాలు దిగువ వివరించబడినవి.

పాచి పట్టుటకు కారణాలు

పాచి లేదా నాచు అనేది వ్యాధి కాదు. వెలుతురు, పోషక పదార్థాలు ఉన్న ప్రతి నీటిలోను అది పుడుతుంది. చేపల విసర్జన వలన, తినగా మిగిలిన మేత కుళ్ళడం వలన నీటిలో అమ్మోనియా ఏర్పడుతుంది. ఫిల్టరులోను, గులకరాళ్ళపైన నివసించే మేలు చేసే బాక్టీరియా ఈ అమ్మోనియాను మొదట నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మార్చుతుంది. అమ్మోనియా, నైట్రైటు చేపలకు విషతుల్యములు కాగా, నైట్రేటు నాచుకు ఎరువు వంటిది. మేత ద్వారా చేరే భాస్వరం కూడా నాచుకు బలాన్నిస్తుంది. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా నిలదొక్కుకొనుటకు సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది.

కావున పాచి విపరీతంగా పెరుగుతున్నదంటే మేత ఎక్కువైనదనో, చేపల సంఖ్య ఎక్కువైనదనో, వెలుతురు ఎక్కువైనదనో, నీరు మార్చడం తక్కువైనదనో భావించవలెను. ఈ మూలకారణాన్ని సరిదిద్దకుండా ఒక చేపను తెచ్చి వేసినచో ఆ చేప విసర్జన సైతం నీటిలో చేరి నైట్రేటు మరింత పెరుగుతుంది. పెద్ద జాతి సక్కర్ చేప తాను తినే పాచికంటే ఎక్కువ మలినాన్ని తొట్టెకు చేర్చుతుందని అనుభవజ్ఞులైన పెంపకందారులు చెప్పడంలో అతిశయోక్తి లేదు.

పాచి నివారణకు నాలుగు నియమాలు ప్రధానమైనవి.

1. తొట్టెను కిటికీ ఎదుట, సూర్యరశ్మి నేరుగా పడే చోట ఉంచరాదు. దీపాన్ని రోజుకు 6 నుండి 8 గంటలకు మించి వెలిగించరాదు.

2. రోజుకు ఒకటి లేదా రెండుసార్లు, రెండు నిమిషాలలో చేపలు తినగలిగినంత మేత మాత్రమే వేయవలెను.

3. వారానికొకసారి నీటిలో నాలుగవ వంతు మార్చవలెను. రెండడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు గల తొట్టెలో సుమారు 56 లీటర్లు పడుతుంది. అనగా వారానికి ఒక బకెట్టు నీరు మార్చినచో సరిపోతుంది.

4. ఫిల్టరులోని స్పాంజిని కుళాయి నీటితో కాక, తొట్టె నుండి తీసిన నీటితోనే కడుగవలెను. కుళాయి నీటిలోని క్లోరిన్ మేలు చేసే బాక్టీరియాను నశింపజేస్తుంది.

పాచి రకాలు, వాటిని తినే జీవులు

'పాచి తినే చేప' అనగానే అది అన్ని రకాల పాచిని తింటుందని భావించడం పొరపాటు. ఏ చేప ఏ పాచిని తింటుందో తెలిసినప్పుడే ఎంపిక ఫలిస్తుంది.

కొత్త తొట్టెలలో అద్దాలపైన, ఆకులపైన పొడివలె పట్టే గోధుమరంగు పూత డయాటమ్‌ల వలన ఏర్పడుతుంది. తొట్టె కుదురుకొనిన పిమ్మట ఇది చాలావరకు తనంతట తానే తగ్గిపోతుంది. ఓటోసింక్లస్ చేపలకు ఇది ప్రీతికరమైన ఆహారం. అద్దాలపై మెత్తగా పరచుకొనే ఆకుపచ్చ పూతను ఓటోసింక్లస్, బ్రిసిల్‌నోస్ చేపలు తింటాయి. గట్టిగా అంటుకొని చుక్కలుగా కనిపించే ఆకుపచ్చ పాచిని చేపలు తొలగించలేవు. దానిని బ్లేడుతో గీకవలసి ఉంటుంది. నెరైట్ నత్తలు కొంత తోడ్పడతాయి.

దారాలవలె పెరిగే పాచిని సయామీస్ ఆల్గీ ఈటర్ చేపలు, కొంతమేరకు మోలీ చేపలు, అమానో రొయ్యలు తింటాయి. మొక్కల ఆకుల అంచులపై నల్లని కుచ్చులుగా పెరిగే పాచి నిజానికి ఎర్రనాచు వర్గానికి చెందినది. దీనిని ఆసక్తితో తినే చేపలు బహు తక్కువ. వాటిలో సయామీస్ ఆల్గీ ఈటర్ ముఖ్యమైనది.

నీరంతయు పచ్చగా మారడం నీటిలో తేలియాడే సూక్ష్మ నాచు వలన జరుగుతుంది. దీనిని పాచి తినే చేపలేవియు తొలగించజాలవు. మూడు నాలుగు రోజులపాటు దీపం ఆర్పి తొట్టెను గుడ్డతో కప్పి ఉంచడం, అతినీలలోహిత కిరణాల పరికరం అమర్చడం ఇందుకు మార్గాలు. దుర్వాసనతో నీలిఆకుపచ్చ పొరవలె పరచుకొనేది నాచు కాదు, సయనోబాక్టీరియా. దీనిని కూడా చేపలు తినవు. చేతితో తొలగించి, నీరు మార్చి, నీటి ప్రవాహాన్ని పెంచవలెను.

ఇంటి తొట్టెకు అనువైన జాతులు

ఓటోసింక్లస్: దక్షిణ అమెరికాకు చెందిన ఈ చిన్న చేప సుమారు 4 సెంటీమీటర్లకు మించి పెరగదు. మిక్కిలి సాధువైనది. గుంపుగా జీవించు స్వభావం కలది గనుక కనీసం ఆరింటిని కలిపి పెంచవలెను. వీటిలో అధికభాగం సహజ జలాల నుండి పట్టి తెచ్చినవి కావడం వలన దూరప్రయాణంలో ఆహారం లేక నీరసించి దుకాణానికి చేరుతాయి. పొట్ట లోపలికి పోయిన చేపలను కొనరాదు. కనీసం రెండు మూడు నెలలు నడిచి, అద్దాలపై కొంత పూత ఏర్పడిన తొట్టెలోనే వీటిని ప్రవేశపెట్టవలెను. తళతళలాడే కొత్త తొట్టెలో వేసినచో అవి ఆకలితో మరణిస్తాయి.

బ్రిసిల్‌నోస్: ఆన్సిస్ట్రస్ ప్రజాతికి చెందిన ఈ చేప పెద్ద సక్కర్ చేపకు దగ్గరి బంధువే అయినను 10 నుండి 13 సెంటీమీటర్ల వద్ద దీని పెరుగుదల ఆగిపోతుంది. పెరిగిన మగచేప మూతిపై కొమ్మలవంటి మెత్తని మీసాలు ఉంటాయి. నీటిలో నానిన కొయ్యదుంగను గీకి తినడం దీనికి అలవాటు గనుక తొట్టెలో ఒక దుంగ తప్పక ఉంచవలెను. తొట్టెలోని గుహలవంటి చోట్ల గుడ్లు పెట్టగా మగచేప వాటిని కాపలా కాస్తుంది. సక్కర్ చేప కోరుకొనే గృహస్థునికి ఇదే సరైన ప్రత్యామ్నాయం. ఆహారం చాలనప్పుడు వెడల్పాటి ఆకులను గీకడం దీని లోపం.

సయామీస్ ఆల్గీ ఈటర్: ఆగ్నేయాసియా నదులకు చెందిన క్రాసోకైలస్ ప్రజాతి చేప ఇది. సుమారు 14 సెంటీమీటర్ల వరకు పెరిగి చురుకుగా ఈదుతుంది. మూడడుగులకు తక్కువ కాని తొట్టె కావలెను. ఎగిరి బయటపడే స్వభావం ఉన్నందున మూత తప్పనిసరి. వయస్సు పెరిగిన కొలది పాచి కంటే మేతపైనే దీనికి మక్కువ పెరుగుతుంది. మూతి నుండి తోకరెక్క చివరి వరకు సాగే నల్లని చార దీని గుర్తు. ఆ చార తోక మొదటనే ఆగిపోయినచో అది వేరొక జాతియని గ్రహించవలెను.

మోలీ: బ్లాక్ మోలీగా అందరికి పరిచితమైన ఈ చేప పిల్లలను కంటుంది. పాచిని కొంచెం కొంచెంగా కొరుకుతూ తిరుగుతుంది. దీనికి లవణాలు ఎక్కువగా ఉన్న గట్టి నీరు అనుకూలం. బోరు నీటిపై ఆధారపడిన ఇండ్లకు ఇది తగిన చేప. సంతానం వేగంగా వృద్ధి చెందుతుంది గనుక సంఖ్యను అదుపులో ఉంచుకొనవలెను.

గారా: ద్వీపకల్ప భారతదేశంలోని నదులలో, సెలయేళ్ళలో సహజంగా నివసించే చేపలివి. గడ్డం క్రింద ఉండే చిన్న బిళ్ళ సహాయంతో ప్రవాహంలో రాళ్ళకు అతుక్కొని పాచి తింటాయి. స్వదేశీ జాతులైనందున ఆకర్షణీయమే గాని, వేగవంతమైన ప్రవాహం, అధిక ప్రాణవాయువు కోరుకొంటాయి. శక్తివంతమైన పంపు అమర్చగలిగిన వారు మాత్రమే వీటిని పెంచడం మంచిది.

జాగ్రత్త వహించవలసిన జాతులు

సాధారణ సక్కర్ చేప: దుకాణాలలో ఈ పేరుతో లభించేవి అధికంగా టెరిగోప్లిక్తిస్ ప్రజాతికి చెందినవి. కొన్ని హైపోస్టోమస్ ప్రజాతికి చెందినవి కావచ్చును. వీపు రెక్కలో 10 లేదా అంతకంటె ఎక్కువ ఈనెలుండి, రెక్క తెరచాపవలె విచ్చుకొన్నచో అది టెరిగోప్లిక్తిస్ అని గుర్తించవచ్చును. ఇవి 30 నుండి 50 సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి. పది సంవత్సరాలకు పైగా జీవిస్తాయి. నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు గల తొట్టెలో సుమారు 255 లీటర్లు పడుతుంది. అటువంటి తొట్టె కూడా పెరిగిన సక్కర్ చేపకు ఇరుకే. పిల్లదశలో పాచి తిన్నప్పటికి, పెరిగిన కొలది మేతకే అలవాటుపడి తొట్టెను శుభ్రపరచే పనిని దాదాపుగా మానుకొంటుంది.

చైనీస్ ఆల్గీ ఈటర్: పేరులో చైనా ఉన్నప్పటికి ఈ చేప నివాసం ప్రధానంగా థాయిలాండ్, లావోస్, కంబోడియా ప్రాంతాలు. జైరినోకైలస్ ఐమోనియరై దీని శాస్త్రీయ నామం. బంగారురంగు రకం దుకాణాలలో విరివిగా లభిస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు పాచిని బాగుగానే తింటుంది. 25 సెంటీమీటర్లకు పైగా పెరిగే ఈ చేప పెద్దదైన పిదప దూకుడుగా మారి, ఏంజెల్, డిస్కస్, గోల్డ్‌ఫిష్ వంటి బల్లపరుపు లేదా నిదానమైన చేపల పక్కలకు అతుక్కొని వాటి శరీరంపై ఉండే జిగురు పొరను పీల్చివేస్తుంది. ఆ గాయాలలో శిలీంధ్రాలు చేరి చేపలు మరణిస్తాయి. పలు జాతులను కలిపి పెంచే తొట్టెకు ఇది తగదు.

తొట్టె పరిమాణాన్ని బట్టి ఎంపిక

- రెండడుగుల తొట్టె (సుమారు 56 లీటర్లు): ఆరు ఓటోసింక్లస్ చేపలు, లేదా ఒక బ్రిసిల్‌నోస్, లేదా మూడు మోలీలు.

- మూడడుగుల తొట్టె (సుమారు 130 లీటర్లు): ఒక జత బ్రిసిల్‌నోస్, లేదా రెండు మూడు సయామీస్ ఆల్గీ ఈటర్లు.

- నాలుగడుగుల తొట్టె (సుమారు 255 లీటర్లు): పై రెండు జాతులను కలిపి పెంచవచ్చును. సాధారణ సక్కర్ చేపకు మాత్రం ఇదియు చాలదు.

- గుండ్రని గాజు పాత్రలు: వీటిలో పాచి తినే చేపలను వేయరాదు.

నియాన్ టెట్రా, గప్పీ, ప్లాటీ, కోరీడోరస్ వంటి సాధు చేపలతో ఓటోసింక్లస్, బ్రిసిల్‌నోస్ చక్కగా కలసి ఉంటాయి. పెద్ద సిక్లిడ్ చేపలున్న చోట ఓటోసింక్లస్ వేసినచో అది వాటికి ఆహారమవుతుంది. గోల్డ్‌ఫిష్ చల్లని నీటిని కోరే చేప గనుక ఉష్ణమండల జాతులైన పాచి తినే చేపలతో కలిపి పెంచకపోవడం మంచిది.

నీరు, ఉష్ణోగ్రత, మేత

పురపాలక కుళాయి నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. నీటిని వెడల్పాటి పాత్రలో 24 గంటలు నిలువ ఉంచి గాలి పట్టించినచో క్లోరిన్ పోతుంది. తొందరలో ఉన్నవారు దుకాణాలలో లభించే క్లోరిన్ నివారణ ద్రవాన్ని సూచించిన మోతాదులో వాడవచ్చును. బోరు నీరు పలుచోట్ల గట్టిగా ఉంటుంది. మోలీ, బ్రిసిల్‌నోస్ దానిని తట్టుకొంటాయి. మెత్తని నీటిలో పుట్టిన ఓటోసింక్లస్‌కు అది కష్టం కలిగిస్తుంది. కేవలం ఆర్.ఓ. నీటిని నింపడం కూడా సరికాదు. దానిలో అవసరమైన లవణాలు ఉండవు. బోరు నీటిని, ఆర్.ఓ. నీటిని తగుపాళ్ళలో కలిపి వాడవలెను.

24 నుండి 28 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రత అధిక జాతులకు అనుకూలం. మన వేసవిలో గదులలోని నీరు సులభంగా 32 డిగ్రీలు దాటుతుంది. నీరు వేడెక్కిన కొలది అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా కరిగే ప్రాణవాయువు 35 డిగ్రీల వద్ద సుమారు 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. కావున వేసవిలో గాలి పంపు నిరంతరం నడపవలెను. విద్యుత్ అంతరాయం కలిగే చోట బ్యాటరీతో నడిచే చిన్న పంపు దగ్గర ఉంచుకొనవలెను. తొట్టె మూత కొంత తెరచి సన్నని వల కప్పి, ఫ్యాన్ గాలి నీటిపై తగులునట్లు చేసినచో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మంచుగడ్డలను ఒక్కసారిగా నీటిలో వేయరాదు.

పాచి తినే చేపలు పాచితోనే జీవిస్తాయని భావించి మేత వేయకపోవడం తరచుగా జరిగే పొరపాటు. శుభ్రమైన తొట్టెలో వాటికి ఆహారమే ఉండదు. తొట్టె అడుగుకు చేరే నాచు బిళ్ళలను రాత్రి దీపం ఆర్పిన పిదప వేయవలెను. ఉడికించిన కీరదోస ముక్కలు, వేడినీటిలో ముంచి తీసిన పాలకూర వారానికి రెండు మూడుసార్లు ఇవ్వవచ్చును. తినగా మిగిలిన దానిని మరునాటి ఉదయమే తీసివేయవలెను. కొత్తగా తెచ్చిన చేపను రెండు వారాలు వేరొక తొట్టెలో ఉంచి, తెల్లమచ్చల వ్యాధి వంటివి లేవని నిర్ధారించుకొనిన పిమ్మటనే ప్రధాన తొట్టెలో కలుపవలెను.

తొట్టె దాటిన చేప

టెరిగోప్లిక్తిస్ చేప జన్మస్థానం దక్షిణ అమెరికా నదులు. అలంకార చేపల వ్యాపారం ద్వారా అది ప్రపంచమంతటికి చేరినది. అమెరికాలోని ఫ్లోరిడా, టెక్సాస్ రాష్ట్రాలలోను, మెక్సికోలోను, ఆసియాలోని పలు దేశాలలోను సహజ జలాలలో స్థిరపడినది. మెక్సికోలోని ఇన్ఫియర్నిల్లో జలాశయంలో ఈ చేపల విస్తరణ వలన టిలాపియా వేటపై ఆధారపడిన మత్స్యకారుల జీవనోపాధి దెబ్బతిన్నది. మనదేశంలో కేరళ కాలువలలోను, తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలలోను దీని ఉనికి నమోదైనది. 2020లో వారణాసి సమీపాన గంగానదిలోను కనుగొనబడినది.

తెలుగు ప్రాంతాల విషయానికి వచ్చినచో, హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాలలో జీవులు వదలిన డీఎన్ఏ ఆనవాళ్ళను పరీక్షించు విధానం ద్వారా తూర్పు కనుమలలోని జలవనరులను పరిశీలించినారు. వాటిలో సుమారు 60 శాతంలో ఈ చేప ఆనవాళ్ళు కనిపించినట్లు 2024లో వెల్లడైనది. చేపను పట్టకుండానే నీటిని పరీక్షించి దాని ఉనికిని తెలిసికొనే ఈ విధానం ముందస్తు గుర్తింపునకు ఎంతో ఉపయోగకరం.

ఈ చేప ఇంతగా వ్యాపించుటకు దాని శరీర నిర్మాణమే కారణం. ఒంటినిండా ఎముక పలకల కవచం, రెక్కల మొదట గట్టి ముళ్ళు ఉన్నందున దీనిని తినగలిగే జీవులు మన నీటిలో తక్కువ. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు పైకి వచ్చి గాలి మింగి పొట్ట ద్వారా శ్వాసించగలదు. మురుగు కలిసిన నీటిలో కూడా బ్రతుకుతుంది. గట్లలో లోతైన బొరియలు తవ్వి గుడ్లు పెట్టి, మగచేప కాపలా కాయడం వలన పిల్లలు అధికసంఖ్యలో దక్కుతాయి.

దీని వలన కలిగే నష్టం మూడు విధాలుగా ఉన్నది. మొదటిది, మన చేపలకు ఆహారమైన పాచిని, నీటి అడుగున పేరుకొనే సేంద్రియ పదార్థాన్ని ఇది తినివేస్తుంది. శీలావతి, బొచ్చె వంటి చేపలను పెంచే చెరువులలో చేరినచో మేత వృథా అవుతుంది. రెండవది, దీని ముళ్ళకు చిక్కిన వలలు చినిగిపోతాయి. వల నుండి విడదీయుటకు గంటల సమయం పడుతుంది. మార్కెట్టులో దీనికి గిరాకీ లేదు. మూడవది, బొరియల వలన చెరువు గట్లు, కాలువ గట్లు బలహీనపడతాయి. చేపల ఉత్పత్తిలో దేశంలో ప్రథమ స్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు, చెరువుల వ్యవస్థపై ఆధారపడిన తెలంగాణకు ఇది ఉపేక్షించదగిన విషయం కాదు. ఒకసారి నదిలో స్థిరపడిన చేపను పూర్తిగా తొలగించడం ఆచరణలో దాదాపు అసాధ్యం. కావున నివారణయే మార్గం. ఆ నివారణ ఇంటి తొట్టె వద్ద మొదలు కావలెను.

చట్టపరమైన నేపథ్యం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972ను 2022లో పార్లమెంటు సవరించినది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ సవరణ 'ఆక్రమణకారి విదేశీ జాతి' అనే పదాన్ని మొదటిసారిగా చట్టంలో నిర్వచించినది. వన్యప్రాణులకు లేదా వాటి ఆవాసాలకు ముప్పు కలిగించే అటువంటి జాతుల దిగుమతి, వ్యాపారం, స్వాధీనం, వ్యాప్తిని నోటిఫికేషన్ ద్వారా నియంత్రించే లేదా నిషేధించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి 62ఎ సెక్షను క్రింద లభించినది. 2022 డిసెంబరులో కెనడాలోని మాంట్రియల్‌లో ఆమోదించబడిన ప్రపంచ జీవవైవిధ్య ప్రణాళికలోని ఆరవ లక్ష్యం ప్రకారం, ఆక్రమణకారి విదేశీ జాతుల ప్రవేశాన్ని, స్థిరపడడాన్ని 2030 నాటికి కనీసం సగానికి తగ్గించవలసి ఉన్నది. భారతదేశం ఈ ఒప్పందంలో భాగస్వామి.

మరొకవైపు అలంకార చేపల పెంపకం గ్రామీణ మహిళలకు, యువతకు ఉపాధి కల్పించే రంగం. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకార చేపల యూనిట్లకు సహాయం చేర్చబడినది. హైదరాబాద్ కేంద్రంగా 2006లో ఏర్పాటైన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ఈ రంగానికి ప్రోత్సాహం ఇస్తున్నది. కావున చేపల తొట్టెలను నిరుత్సాహపరచడం కాక, సక్కర్ చేప స్థానంలో బ్రిసిల్‌నోస్ వంటి చిన్న జాతులను పెంచి విక్రయించునట్లు ఉత్పత్తిదారులను, దుకాణదారులను ప్రోత్సహించడమే ఉభయతారకమైన మార్గం.

వద్దనుకొనిన చేపను ఏమి చేయవలెను

తొట్టెలో ఇమడని చేపను చెరువులో వదలడం జాలిగా తోచవచ్చును. పుణ్యకార్యమని భావించే వారు కూడా ఉన్నారు. ఒక ప్రాణిని కాపాడితిమనుకొన్న ఆ చర్య వలన ఆ చెరువులోని అనేక ప్రాణులకు, దానిపై బ్రతికే కుటుంబాలకు కీడు జరుగుతుంది. పాటించవలసిన మార్గాలు ఇవి:

- కొనిన దుకాణానికే తిరిగి ఇవ్వడం, లేదా పెద్ద తొట్టె గల మరొక పెంపకందారునికి అప్పగించడం.

- పెద్ద అక్వేరియం గల విద్యాసంస్థలను, ప్రదర్శనశాలలను సంప్రదించడం.

- వేరు మార్గం లేనప్పుడు పశువైద్యుని లేదా మత్స్యశాఖ అధికారి సలహాపై, నొప్పి తెలియని పద్ధతిలో చేప ప్రాణం తీసి పూడ్చివేయడం.

- తొట్టె నీటిని, నీటి మొక్కలను మురుగుకాలువలలో, వాననీటి కాలువలలో పారబోయకుండా పెరటి మొక్కలకు, పొడినేలపై పోయడం. ఆ నీటిలో గుడ్లు, నత్తలు, మొక్కల ముక్కలు ఉండవచ్చును.

మత్స్యకారుల వలలో ఈ చేప పడినప్పుడు దానిని తిరిగి నీటిలో వదలరాదు. గట్టుపై పడవేసి వెళ్ళడం కూడా చాలదు. తడి ఉన్నంతసేపు అది చాలాసేపు బ్రతికి ఉండగలదు, తిరిగి నీటిని చేరగలదు. దొరికిన చోటు, తేదీ, పొడవు వివరాలతో సమీప మత్స్యశాఖ అధికారికి తెలియజేయవలెను. చేపల చెరువుల యజమానులు నీరు పెట్టే తూముల వద్ద సన్నని వలలు అమర్చుకొనవలెను. పంట పట్టిన పిదప చెరువును పూర్తిగా ఎండబెట్టి, గట్లలోని బొరియలను పూడ్చవలెను.

వార్తలు వ్రాయునపుడు గమనించదగినవి

ఈ చేపపై వార్తలు వెలువడినప్పుడు కొన్ని గందరగోళాలు చోటుచేసుకొంటున్నవి. దెయ్యం చేప వేరు, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ వేరు. కేంద్ర ప్రభుత్వం 2000లో పెంపకాన్ని నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ నున్నని శరీరం, నాలుగు జతల పొడవైన మీసాలు కలిగి మన మార్పు చేపను పోలి ఉంటుంది. అది ఇతర చేపలను వేటాడే మాంసాహారి. దెయ్యం చేపకు ఎముక పలకలు, మూతి క్రింద గుండ్రని చూషక నోరు ఉంటాయి. ఇది ప్రధానంగా పాచిని, అడుగు మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని తింటుంది. మనుషులపై దాడి చేయదు. ముళ్ళు గుచ్చుకొని గాయం కావచ్చును గాని విషపూరితమైనది కాదు. 'వింత చేప', 'రాకాసి చేప' అనే శీర్షికలతో భయం కలిగించడం కంటే, అది ఎవరి తొట్టె నుండి ఎట్లు చెరువుకు చేరినదో పాఠకులకు తెలియజెప్పడం వలన ఎక్కువ ప్రయోజనం కలుగుతుంది.

పురపాలక, మత్స్య, నీటిపారుదల శాఖల అధికారులు అక్వేరియం దుకాణాలలో ప్రతి చేప పూర్తిగా పెరిగినప్పటి పొడవును తొట్టెపై వ్రాయించునట్లు చూచినచో కొనుగోలుదారునికి ముందుగానే హెచ్చరిక లభిస్తుంది. రెండు అంగుళాల పిల్ల ప్రక్కన 'అడుగున్నర పెరుగును' అనే ఒక్క పంక్తి ఉన్నచో దానిని రెండడుగుల తొట్టెకు కొనిపోవు వారు అరుదుగా ఉంటారు. పాఠశాలల్లో చేపల తొట్టెలు ఉన్న చోట్ల విద్యార్థులకు ఈ విషయాలు బోధించడం కూడా అవసరం.

వెలుతురును అదుపులో ఉంచడం, మితంగా మేత వేయడం, క్రమం తప్పక నీరు మార్చడం అనే మూడు అలవాట్లు ఉన్న ఇంటిలో పాచి తినే చేపకు మిగిలే పని స్వల్పమే. ఆ స్వల్పమైన పనికి చిన్న చేప చాలును. పెద్ద చేపను తెచ్చి, పెంచలేక చెరువులో వదలినచో ఆ భారం మోయవలసినది మత్స్యకారుడు, రైతు, చెరువు.